విత్తనానికి కట్టిన గుడ్డ

ముత్తమ్మకు కోపమెక్కువ అని కాలనీ అంతా అంటుంది. ఆ మాట నిజమే. అయితే ఆ కోపం ఊరికే వస్తుందని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకూడదు. ఎల్బీనగర్ నుంచి మీర్‌పేట్ పోయే దారిలో, రేకుల ఇంటి అరుగు మీద కూర్చుని ఆమె తిట్టే తిట్లలో ఒక్కటి కూడా దారిన పోయేవాడి మీద పడ్డది లేదు. ప్రతి తిట్టుకూ ఒక చిరునామా ఉంది.

ఆమె పుట్టింది నల్లగొండ జిల్లాలో, మర్రిగూడ వైపు ఒక చిన్న ఊళ్ళో. ఆ ఊరి బావినీళ్ళు తాగి పన్నెండేళ్ళకే పళ్ళు గారపట్టాయి, ముప్పై దాటేసరికి మోకాళ్ళు పట్టేశాయి. నీళ్ళలోనే విషముందని దవాఖానలో డాక్టరు చెబితే, "మరి మంచినీళ్ళు ఏడున్నయో చెప్పుర్రి సారూ, పోయి తాగొస్త" అందట. కృష్ణ వాళ్ళ జిల్లా మీదుగానే పారుతోంది, వాళ్ళ ఊరికి మాత్రం చుక్క రాలేదు. అందుకే తెలంగాణ ఎందుకు కావాలో ముత్తమ్మకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేకపోయింది. మైకు పట్టుకున్నవాళ్ళు చెప్పే సంగతి ఆమె మోకాళ్ళకు ముందే తెలుసు.

పెళ్ళయ్యాక మొగుడు అంతయ్యతో పట్నం వచ్చింది. అంతయ్య దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా షేర్ ఆటో నడుపుతాడు. వస్తూ వస్తూ ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది ఒక్కటే. బూడిద కలిపి గుడ్డలో మూటగట్టిన మిరప గింజలు. వాళ్ళమ్మ, ఆమె అమ్మ, ఎప్పటినుంచో వాళ్ళ మెట్ట చెలకలో వేసిన రకం. కాయ బొటనవేలంతే ఉంటుంది, కొస దగ్గర కాస్త వంకర, తొక్క మందం. పొట్టికాయ అంటారు. నోట్లో పెట్టుకున్నప్పుడు కారం తెలియదు, మింగాక చెవుల్లోంచి వస్తుంది. ఊళ్ళో బావులు ఎండి, బోర్లు ఎండి, చెలకలు పడావుపడి బీళ్ళయ్యాక ఆ రకం వేసేవాళ్ళే లేకుండా పోయారు. ఇప్పుడక్కడ అందరూ దుకాణంలో పాకెట్లు కొంటారు. ఆ పాకెట్ మొక్క నుంచి విత్తనం కడితే మళ్ళీ ఏడాదికి మొక్క మొక్కకో తీరు కాస్తుంది. పొట్టికాయ అలా కాదు. అమ్మ కాచినట్టే కూతురు కాస్తుంది.

ఆ గింజలు వేయడానికి పట్నంలో ముత్తమ్మకు జానెడు నేల లేదు. ఇల్లు అరవై గజాలు, అంతా సిమెంటు, పైన రేకులు. పక్కనే రెండు వందల గజాల ఖాళీ ప్లాటు ఉంది. అది త్రినాథరావుది. ఆయనది పశ్చిమ గోదావరి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. జీతంలోంచి కూడబెట్టి ఆ ప్లాటు కొన్నాడు. కొన్నాక పట్నంలో ఏ ప్లాటు యజమానికైనా ఉండే భయమే ఆయనకూ పట్టుకుంది. ఎవరైనా వచ్చి గుడిసె వేస్తేనో, రాళ్ళు పాతేస్తేనో?

"ముత్తమ్మా, నీ ఇష్టమొచ్చింది పండించుకో. ఎవరూ లోపల కాలు పెట్టకుండా చూడు చాలు," అన్నాడు పదకొండేళ్ళ క్రితం.

కాగితం లేదు, కౌలు లేదు. ఆ ఒక్క మాట మీద ముత్తమ్మ ఆ రాళ్ళ నేలను గడ్డపారతో తవ్వింది. రెండు రోజులకోసారి వచ్చే ట్యాంకరు నీళ్ళలో స్నానానికి తగ్గించుకుని మొక్కలకు పోసింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకు పాత చీరలు పందిరి వేసింది. బెండ, గోకరకాయ, బీర, వంకాయ, మధ్యలో నాలుగు సాళ్ళు పొట్టికాయ. అంత ఇష్టం పెంచుకుంది ఆ నేల మీద. ఒకసారి ఎవడో ఇసుక లారీ తెచ్చి ప్లాటులో దింపబోతే, చక్రం ముందు కూర్చుని లారీని వెనక్కి తిప్పించింది. ఆ సంగతి త్రినాథరావుకు ఆమె చెప్పలేదు కూడా. చెప్పాల్సిన పని అనుకోలేదు.

ప్రతి ఆదివారం ఆయన స్కూటర్ మీద వచ్చేవాడు. ముత్తమ్మ సంచి నింపేది. పుంటికూర కట్ట వేస్తే, "గోంగూర వేశావా అమ్మా" అని ఆయన అనేవాడు. "గోంగూర ఏడిది సారూ, నేనేసింది పుంటికూర," అని ఆమె అనేది. వారం వారం అదే మాట, అదే నవ్వు. మిరపకాయలు మాత్రం ఎన్నడూ ఆయన చేతికి ఇవ్వలేదు. అరుగు మీద పెట్టేది, ఆయన తీసుకునేవాడు. ఉప్పూ మిరపకాయలూ చేతిలోంచి చేతికి ఇస్తే కొట్లాట అవుతుందని ముత్తమ్మ పుట్టింట్లో నమ్ముతారు. మొదటి ఆదివారమే ఆయన కూడా చెయ్యి వెనక్కి తీసుకుని, "మా ఊళ్ళోనూ అంతేనమ్మా, కింద పెట్టు," అన్నాడు. ఆ పండు కాయలతో ఆయన భార్య కుసుమకుమారి పచ్చడి పట్టి, చిన్న సీసాలో ముత్తమ్మకూ పంపేది. ఏళ్ళ తరబడి ఇలాగే గడిచింది.

తర్వాత ఉద్యమం ముదిరింది. అంతయ్య ఆటోకు జెండా కట్టాడు. ముత్తమ్మ మోకాళ్ళు పట్టుకుని ర్యాలీలకు పోయింది. త్రినాథరావు ఆదివారాలు రావడం తగ్గించాడు, ఆపైన మానేశాడు. అయినా బెండకాయలూ వంకాయలూ అంతయ్య ఆటోలో దిల్‌సుఖ్‌నగర్ పోతూనే ఉన్నాయి. "ఆయన మీద కొట్లాటనా మనకు? బెండకాయలేం జేసినయి?" అనేది ముత్తమ్మ.

రెండు వేల పదకొండు ఎండాకాలం వచ్చింది. అంతకు ముందు వానాకాలంలో రేకుల సందునుంచి కారిన నీళ్ళు విత్తనాల కుండలో పడి మూట బూజుపట్టింది. ఏరితే మిగిలినవి గుప్పెడు గింజలు. అవన్నీ జనవరిలో నారు పోసేసింది. దాచడానికి మిగిలినవంటూ లేవు. ఆకుముడతకు కొన్ని పోగా నిలబడ్డ వాటిలోంచి బాగున్న పదమూడు మొక్కలు విత్తనానికి ఏర్పాటు చేసింది. విత్తనపు మొక్క మీద కాయ ఎవరూ తెంపకూడదు. ఎర్రగా పండి, తొక్క ముడతపడేదాకా మొక్కమీదే ఉండాలి. అందుకు వాళ్ళ ఊళ్ళో మొక్కకు గుడ్డపేలిక కడతారు. పేలిక కనబడితే ఆకలితో ఉన్నవాడు కూడా చెయ్యి వెయ్యడు.

ముత్తమ్మ పేలిక కోసం చూసింది. పాత చీరలన్నీ పందిరికి పోయాయి. మూలన అంతయ్య ర్యాలీల నుంచి తెచ్చి పడేసిన గులాబీ కండువాలు రెండున్నాయి. ఒకటి తీసి సర్రున చింపింది. పదమూడు మొక్కలకు పదమూడు పేలికలు కట్టింది.

"కండువ చింపితివేందే?" అన్నాడు అంతయ్య.

"మెడలేసుకుంటే తెలంగాణ వస్తదా? విత్తనానికి కడితే విత్తనమన్న వస్తది," అంది ముత్తమ్మ.

జూన్ మొదట్లో ఒక సాయంత్రం త్రినాథరావు ప్లాటు చూసుకుందామని వచ్చాడు. కోచింగ్ సెంటర్లో ఆయనతోటి వాళ్ళు అప్పటికే చెవులు నింపేశారు. మన ప్లాట్లన్నీ గుంజుకుంటారట, జెండాలు పాతుతున్నారట అని. వీధి మొదట్లో స్కూటర్ ఆపి చూస్తే, తన ప్లాటు నిండా గులాబీ గుడ్డలు గాలికి ఎగురుతున్నాయి. విన్నదంతా నిజమేననుకున్నాడు ఆయన. స్కూటర్ దిగలేదు. అరుగు మీద ముత్తమ్మ కూర్చునే ఉంది. ముప్పై అడుగుల దూరం. అడగలేదు. పదకొండేళ్ళు ఆమె చేతి కూర తిన్న మనిషి, ఆమెను ఒక్క మాట అడగకుండా స్కూటర్ వెనక్కి తిప్పుకుని పోయాడు. ఫోన్ నంబరు ఉంది. ఫోనూ చెయ్యలేదు. లెక్కల మాస్టారుకు ఈ ఒక్క లెక్కా రాలేదనుకోవాలి. తాడును చూసి పామనుకోవడం ఎవరికైనా జరుగుతుంది. కానీ పామనుకున్నవాడు కనీసం కేక వేస్తాడు కదా.

ఆయన కేక వెయ్యలేదు, రోజు చూసుకున్నాడు. ఆ నెలలోనే రోడ్ల మీద వంటావార్పు పెట్టారు. జనమంతా నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తింటూ రాస్తా బంద్ చెయ్యాలి. కాలనీలో ఆడామగా అందరూ ఎల్బీనగర్ చౌరస్తాకు పోయారు. ముత్తమ్మ సంచినిండా వంకాయలు, పేలిక కట్టని మొక్కల మిరపకాయలు తీసుకుని పోయింది. ఎర్రటి ఎండలో పెద్ద గంజులో కూర కలుపుతూ, మిరపకాయలు ఎవరూ చేతికందుకోకుండా బండ మీద పోస్తూ, "నా పొట్టికాయ తిన్నంక ఢిల్లీ దాంక ఇనబడేటట్టు ఒర్రుతరు," అని అందరినీ నవ్వించింది.

మధ్యాహ్నం మూడింటికి ఇంటికొచ్చేసరికి ప్లాటులో జేసీబీ ఉంది. పని అయిపోయింది కూడా. పందిరి లేదు, బీర తీగ లేదు, సాళ్ళు లేవు. ఎర్రమట్టి ఒక మూలకు కుప్పపోసి ఉంది. నలుగురు మనుషులు సిమెంటు పలకల ప్రహరీకి గుంతలు తీస్తున్నారు. కాలనీ మొత్తం రోడ్డు మీద ఉండే రోజే చూసి చేయించాడు పెద్దమనిషి. తాను రాలేదు.

ముత్తమ్మ ముందు అరవలేదు. మట్టికుప్ప దగ్గరికి పోయి మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ మోకాళ్ళు వంగి ఆరేళ్ళయింది. రెండు చేతులతో మట్టి తోడింది. ఒక గులాబీ పేలిక బయటపడితే దాన్ని పట్టుకుని గుంజింది. విరిగిన కొమ్మ వచ్చింది. కాయలు పచ్చకూ ఎరుపుకూ మధ్య రంగులో ఉన్నాయి. ఇంకో పదిరోజులు. పది రోజులు ఆగి ఉంటే చాలు. అప్పుడు లేచింది ఆమె కోపం. జేసీబీ నడిపేవాడు ఇంజను ఆపి, దిగి, అవతలి వీధిలోకి పోయి నిలబడ్డాడు. పాపం వాడు కిరాయికి వచ్చినవాడు. వాడి తల్లి కూడా ఎక్కడో ఏదో విత్తనం దాచుకునే ఉంటుందని ముత్తమ్మ వాడిని ఒక్క మాట అనలేదు. అనవలసినవాడి పేరు పెట్టి మాత్రం వీధి దద్దరిల్లేలా తిట్టింది.

"ఆయనకు ఫోన్ కొట్టు," అంది అంతయ్యతో. అంతయ్య కలిపి ఇచ్చాడు.

"ఏంటమ్మా ముత్తమ్మా," అన్నాడు అవతల త్రినాథరావు.

"ఎందుకు పీకిచ్చినవ్ సారూ?" పదకొండేళ్ళలో మొదటిసారి ఆమె ఆయన్ని నువ్వంది.

"అది కాదమ్మా... జెండాలు కట్టారు కదా మీవాళ్ళు. నాకు భయమేసింది."

"జెండలా? గది విత్తనం గుర్తు సారూ! కాయ తెంపొద్దని కట్టిన పేలిక! మా అమ్మ కట్టింది, నేను కట్టిన. ఇంట్ల గా గుడ్డనే ఉండె, గదే చింపిన. నన్నొక్క మాట అడిగితే నీ నోట్లకెల్లి ముత్యాలు రాలుతుండెనా?"

త్రినాథరావు తడబడుతూ అన్నాడు. "మా ఇంట్లో నువ్విచ్చిన పండు మిరపకాయల పచ్చడుందమ్మా. అందులో గింజలు ఉంటాయి కదా, కుసుమను అడిగి..."

"ఉప్పుల ఊరిన గింజ మొలుస్తదా సారూ?" అని ముత్తమ్మ ఫోను అంతయ్య ఒళ్ళో పడేసింది. ఆ మాట అన్నాకే ఏడ్చింది.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. పొద్దు వాలేలోపే చక్రపాణి వచ్చాడు, వెనక నలుగురిని వేసుకుని. ప్లాట్ల బేరాలు చేసే మనిషి. ఏడాదిన్నరగా మెడలో గులాబీ కండువా. అంతకుముందు ఆ మెడలో ఏయే రంగులుండేవో కాలనీకి గుర్తుంది.

"అత్తా, ఏడ్వకు," అన్నాడు చక్రపాణి, పెద్ద ఆత్మబంధువులా. "పదకొండేండ్ల సంది జాగ నీ కబ్జల ఉన్నది. ఇది నాదే అని నువ్వొక్క మాట అను. ఇప్పుడే జెండ పాతుత. ఆంధ్రాయన ఎట్లొస్తడో చూద్దాం. సగం నీది, సగం ఖర్చులకు."

అంతయ్య గొంతు సవరించుకున్నాడు. "అన్నేండ్లు కావలున్నది మనమే గదనే. జర ఆలోచించరాదు," అన్నాడు మెల్లగా.

ముత్తమ్మ మొగుణ్ణి చూసిన చూపుకు అంతయ్య ఆటో తుడవడానికి పోయాడు. తర్వాత ఆమె చక్రపాణి వైపు తిరిగింది.

"మీవోళ్ళు జాగలు గుంజుకుంటరని గా సారు భయపడ్డడు. ఉత్తగనే భయపడ్డడు అనుకున్న. నిన్ను జూస్తే ఉత్తగ గాదని తెలుస్తున్నది. నేను గా కండువ కట్టింది విత్తనానికి, నీ అసుంటోడు మెడకు కట్టింది జాగలకు. నీళ్ళు లేక మా ఊరు వల్లకాడైంది. గందుకు రోడ్డెక్కిన నేను, ఒకని ప్లాటుకు గాదు."

"నీ మంచికే చెప్పిన అత్తా. నిన్ను ఆగం జేసినోని మీద నీకు కోపం లేదా?"

"ఉన్నది. మస్తున్నది. గా కోపం నాది. నీకు కిరాయికియ్య. నడువు!"

చక్రపాణి ఆ నలుగురినీ వెంటబెట్టుకుని నడిచాడు.

ప్రహరీ రెండు రోజుల్లో లేచింది. ఇనుప గేటు, దానికి తాళం. ముత్తమ్మ మట్టిలోంచి తీసిన కొమ్మలను ఇంటి వసారాలో తలకిందులుగా వేలాడదీసింది. అలా కడితే కొమ్మలోని చేవ కాయకు దిగి కొన్నయినా పండుతాయని వాళ్ళమ్మ అనేది. చాలా కాయలు పచ్చివి పచ్చిగానే వడిలిపోయాయి. ఏడు కాయలు ఎర్రబడ్డాయి. వాటి గింజలు తీసి నీళ్ళలో వేస్తే సగానికి సగం తేలిపోయాయి, తాలువి. మునిగినవి ఏరి విరిగిన ప్లాస్టిక్ బకెట్లో మట్టి నింపి చల్లింది. గింజలు తీసిన తొక్కలు కూరలో వెయ్యడానికి ఆమెకు చేతులు రాలేదు. కాగితంలో చుట్టి గూట్లో పెట్టింది.

పదిరోజులు బకెట్లో ఏమీ రాలేదు. పదిహేనో రోజు ఒక పచ్చటి మెడ మట్టిని నెట్టుకుని లేచింది. తర్వాత మరికొన్ని. ముత్తమ్మ వాటినీ తిట్టింది, ఇన్ని రోజులెందుకు పట్టిందని. కానీ నారు ఎదిగేకొద్దీ ఇంకో కోపం మొదలైంది. జానెడు బకెట్లో ఇరవై మొక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పీలగా సాగిపోతున్నాయి. కింది ఆకులు పసుపెక్కాయి. వారంలో నాటకపోతే ఎండిపోతాయి. ఒక్క మొక్క విత్తనాన్ని నమ్మకూడదు, కనీసం పది మొక్కలు నేలలో నిలబడాలి. వీధంతా సిమెంటు రోడ్డు. గోడవతల రెండు వందల గజాల మన్ను వానకు తడిసి, గడ్డి మొలిచి, తాళం వేసుకుని పడుంది. ఆమె రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఆ తాళాన్ని తిట్టేది.

శ్రావణంలో ఒక ఆదివారం, ముసురు పట్టి ఉండగా, స్కూటర్ వచ్చింది. త్రినాథరావు దిగాడు. గడ్డం మాసి ఉంది. అరుగుకు ఇవతలే నిలబడి, జేబులోంచి తాళంచెవి తీసి అరుగు మీద పెట్టాడు.

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు. "ఆ రోజు దిగి అడగాల్సింది. ఇన్నాళ్ళూ ముఖం చెల్లక రాలేదు. తాళం నీ దగ్గరే ఉంచుకో. ఎప్పటిలాగే వేసుకో."

ముత్తమ్మ తాళంచెవిని చూసింది. బకెట్‌ను చూసింది. ఆ తాళంచెవి తీసి ఆయన స్కూటర్ మీదికి విసరాలని ఆమె చెయ్యి దురద పెట్టింది. విసిరేదే. కానీ బకెట్లో మొక్కలు వానగాలికి తలలు వాల్చి ఉన్నాయి. ఇంకో నాలుగు రోజుల కంటే ఆగవు. ఆమె వంగి తాళంచెవి తీసుకుని కొంగున ముడివేసింది.

త్రినాథరావుకు ప్రాణం లేచొచ్చింది. ఊరట కలిగితే మనిషి నోరు ఊరుకోదు. "ఇంకొక్క మాటమ్మా," అన్నాడు. "ఈసారి గుర్తుకు వేరే గుడ్డ ఏదైనా కట్టుకో. మా ఇంట్లో పాత చీరలున్నాయి, కుసుమతో పంపిస్తాను. మనకెందుకొచ్చిన గొడవ చెప్పు."

ముత్తమ్మ లోపలికి పోయింది. గూట్లోంచి కాగితం పొట్లం తెచ్చి విప్పింది. ఏడు తొక్కలు, ఎండి, లోపల ఖాళీగా.

"చెయ్యి చాపు సారూ."

ఆయన వాటిని చూసి అలవాటుగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "కింద పెట్టమ్మా..."

"చాపు."

ఆయన చెయ్యి చాపాడు. ముత్తమ్మ ఏడు తొక్కలూ ఆయన అరచేతిలో పోసి, ఆయన వేళ్ళు మూసుకునేదాకా అక్కడే నిలబడింది.

"విత్తనానికి మన్ను గావాలె, గందుకు నీ జాగల పెడ్త. బెండకాయలు ఎప్పటి తీరు కొంచబో. కొట్లాట మాత్రం ఇయ్యాల్టి సంది మనకున్నదే," అంది. "గులాబిదే కడ్త సారూ. ఇంకో కండువ ఇంట్ల అట్లనే ఉన్నది. జూసి భయమైతే, బండి దిగొచ్చి నన్నడుగు."

బకెట్ చంకనెత్తుకుని, మోకాళ్ళు ఈడ్చుకుంటూ, గేటు తాళం తియ్యడానికి పోయింది.